కుందేలు చెవులు పిడి కాదు

తెల్లగా, మెత్తగా కనిపించగానే చేతులు చాస్తాం. ఆ చేతులు ఎక్కడ వేయాలో తెలియకపోతే విరిగేది దాని నడుము.

పెంపుడు జీవాలు అమ్మే సంతలో కాసేపు నిలబడి చూడండి. కొనేవాళ్లు వేలు చూపించగానే అమ్మే మనిషి బోనులోకి చేయి దూర్చి, రెండు చెవులూ కలిపి పట్టి కుందేలును పైకి లాగేస్తాడు. అది గాల్లో రెండు మూడుసార్లు వెనక కాళ్లు తన్నుకుని, తర్వాత బిగుసుకుపోతుంది. ‘ఎంత బుద్ధిగా ఉందో!’ అంటారు చుట్టూ ఉన్నవాళ్లు. పక్కనున్న పిల్లలు అదంతా చూస్తారు. ఇంటికెళ్లాక వాళ్లూ అలాగే పట్టుకుంటారు.

ఈ పట్టు మనకు చాలా కాలంగా అలవాటు. ఇంద్రజాలికుడు టోపీలోంచి కుందేలును తీసే బొమ్మ ఎక్కడ చూసినా అతని గుప్పిట్లో ఉండేవి చెవులే. వేటకు వెళ్లొచ్చినవాళ్లు చచ్చిన చెవులపిల్లిని చెవులు పట్టుకునే మోసుకొచ్చేవారు. చచ్చినదాన్ని మోసిన తీరునే బతికున్నదానికీ అంటగట్టేశాం. పొడుగ్గా నిలబడి ఉంటాయి కాబట్టి అవి పట్టుకోవడానికే ఉన్నాయని అనుకుంటాం.

ఆ చెవిలో ఏముందో చూస్తే మళ్లీ అలా పట్టుకోవాలనిపించదు. మృదులాస్థి మీద పలచటి చర్మం, దాని నిండా రక్తనాళాలు, నాడులు. కుందేలు ఒంటి ఉపరితలంలో దాదాపు 12 శాతం చెవులదే. దానికి మనలా చెమట పట్టదు. కుక్కలా నాలుక చాచి ఒగర్చి వేడి దించుకోవడమూ అంతగా చేతకాదు. ఒంట్లో వేడి ముఖ్యంగా చెవుల్లోంచే బయటికి పోతుంది. వేసవి మధ్యాహ్నం కుందేలు చెవి వెనక వేలు ఆనిస్తే వెచ్చగా తగిలేది అందుకే. అంత సున్నితమైన అవయవం మీద మూడు నాలుగు కిలోల బరువు వేలాడదీస్తే నొప్పి ఎంతుంటుందో చెప్పక్కర్లేదు. అయినా అది అరవదు. కుందేలు నోరు విప్పి కీచుమని అరిచిందంటే ప్రాణం పోతోందని భయపడ్డట్టే. మిగతా బాధంతా మౌనంగానే భరిస్తుంది. ఆ మౌనాన్నే మనం బుద్ధి అనుకుంటున్నాం.

తేలిక ఎముకలు, మొండి కాళ్లు

చెవుల సంగతి చాలామందికి ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. ఎక్కువమందికి తెలియనిది నడుము సంగతి. నన్నడిగితే ఈ మొత్తం వ్యవహారంలో గుర్తుపెట్టుకోవాల్సింది అదొక్కటే.

పిల్లి ఒంటి బరువులో ఎముకల వాటా 12 నుంచి 13 శాతం. కుందేలులో అది 7, 8 శాతానికి మించదు. ఎముకలు అంత పలచన. కండ మాత్రం ఒంటి బరువులో సగానికి పైనే ఉంటుంది. అందులోనూ బలమంతా వెనక భాగంలో, తుంటి నుంచి పాదాల దాకా పోగుపడి ఉంటుంది. నక్క వెంటపడితే ఒక్క గెంతులో తప్పించుకోవడానికి ప్రకృతి చేసిన ఏర్పాటు అది. పరుగుకు బరువు తగ్గాలి కాబట్టి ఎముక పలచబడింది, గెంతుకు బలం కావాలి కాబట్టి కండ పెరిగింది. పాదాలు నేల మీద ఆని ఉన్నంతసేపూ ఈ రెండింటికీ పొత్తు కుదురుతుంది. కాళ్ల తోపు నేలలోకి పోతుంది, ఒళ్లు ముందుకు దూకుతుంది.

ఇప్పుడు ఆ కుందేలును ముందు కాళ్ల కింద పట్టి ఎత్తారనుకోండి. వెనక కాళ్లు గాల్లో వేలాడతాయి. ఆనడానికి ఏమీ దొరక్క అది ఒక్కసారిగా తన్నుతుంది. నేలలోకి పోవాల్సిన తోపు తిరిగి దాని వెన్ను మీదే పడుతుంది. కుందేలు నడుములో ఏడు పూసలుంటాయి. చాలాసార్లు చిట్లేది, లేదా జారేది చివరిదైన ఏడో పూస దగ్గర. ఎవరూ కొట్టలేదు, ఎక్కడి నుంచీ పడలేదు, దాని తన్నుకే దాని నడుము విరుగుతుంది. పూస లోపలి వెన్నుపాము నలిగితే వెనక కాళ్లు చచ్చుబడతాయి, మూత్రం మీద అదుపు పోతుంది. అలాంటి కుందేళ్లలో కొన్ని మందులతో, విశ్రాంతితో కోలుకుంటాయి. చాలావి కోలుకోవు.

అందుకే కుందేలును ఎత్తే పద్ధతులన్నిటికీ మూలసూత్రం ఒక్కటే: దాని వెనక కాళ్లకు ఎప్పుడూ ఏదో ఒక ఆనిక ఉండాలి. మీ అరచేయి కావచ్చు, ముంజేయి కావచ్చు, ఒడి కావచ్చు. చంటిబిడ్డను ఎత్తుకునేటప్పుడు మన చేయి దానంతటదే మెడ కిందికి పోతుంది. ఇక్కడ ఆ చేయి పిరుదుల కిందికి పోవాలి.

పైనుంచి వచ్చే చేయి

ఇళ్లలో పెరిగే కుందేళ్ల జాతులన్నీ ఐరోపా అడవి కుందేలు సంతానమే. స్పెయిన్, పోర్చుగల్ ఉన్న ఐబీరియా ద్వీపకల్పం దాని పుట్టిల్లు. నేలలో బొరియలు తవ్వుకుని, పొద్దుటి వెలుగులో, మునిమాపు వేళ మేతకు బయటికొచ్చే జంతువు. గద్ద నుంచి నక్క దాకా అందరికీ ఆహారం. తరతరాలుగా బోనుల్లో పెరిగి రంగు మారింది, చెవులు వేలాడే జాతులొచ్చాయి, కిలో బరువు పొట్టివీ ఐదు కిలోల భారీవీ వచ్చాయి. భయం మాత్రం బొరియలో నాటిదే.

కళ్లు తలకు రెండు పక్కలా, కాస్త పైకి ఉంటాయి. తల తిప్పకుండానే చుట్టూ దాదాపు అంతా చూడగలదు, ఆకాశంతో సహా. ఒక్క మూతి ముందున్న జాగా మాత్రం కనిపించదు. అక్కడ అది మీసాలతో, ముక్కుతో పని నడుపుకుంటుంది. మనం చేసే పని గమనించండి: నిలబడి, వంగి, పైనుంచి చేయి దించుతాం. దాని లెక్కలో అది గద్ద కాళ్లు దిగడమే. లేదంటే నేరుగా మూతి ముందు చేయి పెడతాం, అది దాని కంటికి ఆననే ఆనదు. ఉన్నట్టుండి తగిలిన వేళ్లను చూసి బెదిరి కొరుకుతుంది. పొగరుబోతు కుందేలని పేరు పెట్టేస్తాం.

మామూలుగా ఉన్నప్పుడే దాని గుండె నిమిషానికి 180 నుంచి 300 సార్లు కొట్టుకుంటుంది. బెదిరిందంటే ఆ ప్రభావం కడుపు మీద పడుతుంది. కుందేలు పేగులు నిరంతరం కదులుతూ ఉండాలి. తీవ్రమైన భయంతో, నొప్పితో ఆ కదలిక మందగిస్తే మేత మానేస్తుంది, పెంటికలు చిన్నవై ఆగిపోతాయి. పూటంతా మేత ముట్టని కుందేలును మర్నాటి దాకా చూద్దామని వదిలేయకూడదు, ఆ రోజే వైద్యుడికి చూపించాలి. అంటే మోటుగా ఎత్తడం వల్ల కలిగే హాని ఆ నిమిషంతో ముగియకపోవచ్చు, రాత్రికి కడుపులో బయటపడవచ్చు.

ఇలా ఎత్తండి

ముందు మీరు కిందికి దిగండి. నేల మీద కూర్చోండి, లేదా మోకాళ్ల మీద వంగండి. మన ఇళ్లలో ఇప్పుడు అంతా టైల్స్, గ్రానైట్. నిలువెత్తు నుంచి ఆ నేల మీద పడ్డ కుందేలుకు కాలో నడుమో విరగడం ఖాయమనే అనుకోవాలి. అడుగు ఎత్తు నుంచి జారితే ప్రమాదం చాలా తగ్గుతుంది. పైగా ఆ నునుపు మీద దాని పాదాలు నిలవవు, అరికాళ్లలో దానికి మెత్తలు ఉండవు, వెంట్రుకలే. కింద చాపో, పాత బొంతో, దుప్పటో పరచండి.

చేతులకు అత్తరు, ఘాటైన సబ్బు వాసన లేకుండా చూసుకోండి. కుక్కను ముట్టుకుని వచ్చిన చేతులైతే కడుక్కోండి. పక్కనుంచి, దాని కంటికి కనబడేలా చేయి చాపి, నుదుటి మీద, చెవుల మొదట్లో నెమ్మదిగా నిమరండి. మాట్లాడుతూ ఉండండి, ఏ మాటైనా ఫర్వాలేదు, గొంతు మారకుండా ఉంటే చాలు. అది తల నేలకు ఆనించి ఒదిగిందంటే సరేనన్నట్టు. చెవులు వెనక్కి బిగించి, ఒళ్లు గట్టిపరిచిందంటే ఇంకా ఆగండి. వెనక కాలితో నేలను దబ్బున కొట్టిందంటే ఆ పూటకు వదిలేయడమే మేలు, ప్రాణం మీదికి వస్తే తప్ప.

ఒదిగాక ఒక చేతిని దాని ఛాతీ కిందికి, ముందు కాళ్ల వెనగ్గా పోనివ్వండి. వేళ్లు విప్పి అరచేయి అంతా ఆనాలి. నొక్కకూడదు, కుందేలు ఛాతీ చాలా చిన్నది, అది ఊపిరి పీల్చేది ముక్కుతోనే. అదే క్షణంలో రెండో చేయి పిరుదుల కిందికి వెళ్లి వెనక కాళ్లను పొట్ట కిందికి మడిచినట్టు పట్టాలి, అది కూర్చుని ఉన్నప్పుడు కాళ్లు ఎలా ఉంటాయో అలా. రెండు చేతులూ ఒకేసారి లేవాలి. ముందు భాగం లేచాక వెనక చేయి వెతుక్కుంటూ రావడం పనికిరాదు, తన్ను పడేది ఆ మధ్యలోనే.

లేవగానే మీ ఒంటికి హత్తుకోండి. దాని పక్కభాగం మీ పొట్టకు, ఛాతీకి ఆనుకోవాలి. ఒంటికి దూరంగా, చేతులు చాచి, ఫొటోకు చూపిస్తున్నట్టు పట్టుకున్నప్పుడే అది ఎక్కువ గింజుకుంటుంది. నాలుగు వైపులా ఏదో ఒకటి తగులుతుంటే బొరియలో ఉన్నట్టు సద్దుమణుగుతుంది. ఇంకాస్త బెదురు ఉంటే తలను మీ మోచేయి మడతలోకి దూర్చనివ్వండి. కళ్లకు చీకటి కాగానే చాలా కుందేళ్లు నిదానిస్తాయి. అప్పుడు ముంజేయి దాని ఒళ్లంతటికీ కింద ఆసరాగా ఉంటుంది, అరచేయి పిరుదుల దగ్గర, రెండో చేయి వీపు మీద. పశువైద్యులు కుందేలును ఒక గది నుంచి మరో గదికి తీసుకెళ్లేటప్పుడు తరచూ కనిపించే పట్టు ఇదే. ముక్కు మాత్రం మూసుకుపోకుండా చూసుకోవాలి.

కుందేళ్ల ఫారాల్లో, ప్రయోగశాలల్లో భుజాల మీది వదులు చర్మం ఒక చేత్తో పట్టి, రెండో చేత్తో పిరుదులు మోసే పద్ధతి నేర్పుతారు. రోజూ పదులకొద్దీ కుందేళ్లను చూసుకునే అలవాటున్న చేతులకు అది చెల్లుతుంది. ఇంట్లో ఒకటో రెండో పెంచుకునేవాళ్లకు చర్మం లాగే పని ఎందుకు? అందులోనూ పిరుదుల కింద చేయి మరిచిపోయామంటే చెవులు పట్టి ఎత్తినదానికీ దీనికీ తేడా లేదు. ఆడకుందేళ్లకు గడ్డం కింద చర్మం మడతలా వేలాడుతుంది. దాన్ని అసలే పట్టుకోకూడదు.

ఎత్తాక అది తన్నడం మొదలుపెడితే? బిగించి పట్టుకోవాలనిపిస్తుంది. వదిలేయాలనీ అనిపిస్తుంది. రెండూ ప్రమాదమే. ఒంటికి హత్తుకునే ఉంచి, కళ్ల మీద అరచేయి కప్పి, వెంటనే మీరే కిందికి కూర్చోండి. నేల దగ్గరయ్యాక అది దూకినా దెబ్బ తగలదు.

దించేటప్పుడే ఎక్కువ ప్రమాదం

ఎత్తడం గురించి ఇంత చెప్పుకుంటాం కానీ కుందేళ్లు మన చేతుల్లోంచి ఎక్కువగా దూకేది దించేటప్పుడు. నేల కనబడగానే, బోను తలుపు కనబడగానే ఇల్లు వచ్చిందనుకుని ఒక్క ఊపున ముందుకు తోస్తుంది. ఆ తోపు మన చేతుల మీద పడి వెనక కాళ్లు జారతాయి.

బోనులో పెట్టేటప్పుడు దాని మూతి మీ వైపు, వీపు బోను వైపు ఉండేలా తిప్పండి. పిరుదులు ముందు లోపలికి వెళ్లి, వెనక కాళ్లు నేలను తాకాక, ఆ తర్వాత ముందు కాళ్లు. నాలుగూ ఆనాక కూడా ఒక క్షణం చేతులు అలాగే ఉంచి అప్పుడు తీయండి. నేల మీద దించేటప్పుడూ ఇంతే, మీరు పూర్తిగా కూర్చున్నాకే. ఈ చిన్న జాగ్రత్త గురించి అమ్మేవాళ్లు చెప్పరు, కొనేవాళ్లు అడగరు.

వెల్లకిలా పడుకోబెట్టి మురిసిపోకండి

ఫోన్లలో తిరిగే వీడియోలు ఈ మధ్య మరో ముచ్చట నేర్పుతున్నాయి. కుందేలును వెల్లకిలా తిప్పి ఒడిలో పడుకోబెడతారు. కాసేపటికి అది కదలకుండా, కళ్లు తెరుచుకునే, నిద్రపోయినట్టు ఉండిపోతుంది. హాయిగా పడుకుందని రాస్తారు కింద.

అది హాయి కాదు. వేటాడే జంతువు నోటికి చిక్కాక చచ్చినట్టు పడి ఉంటే, పట్టు సడలినప్పుడు తప్పించుకునే ఆఖరి అవకాశం దొరుకుతుంది. ఆ కదలని స్థితి దానికి పుట్టుకతో వచ్చింది. 2006లో బ్రిటన్ పరిశోధకులు ఇలా వెల్లకిలా ఉంచిన కుందేళ్లను పరీక్షించారు. గుండె వేగం, శ్వాస, రక్తంలో ఒత్తిడి హార్మోను, ఆ తర్వాతి ప్రవర్తన, అన్నీ కలిపి చూస్తే తేలింది భయమే. స్పృహ ఉంటుంది, నొప్పి తెలుస్తుంది. పైగా ఏ క్షణాన మెలకువ వచ్చినట్టు ఒళ్లు విదిలిస్తుందో చెప్పలేం. అప్పుడు నడుముకు మళ్లీ అదే ముప్పు. గోళ్లు తీయడానికి ఇదే సులువని కొందరు అంటారు. అంతకంటే సులువైనది తువ్వాలు.

తువ్వాలు చుట్టడం

గోళ్లకు, కంటి చుక్కలకు, నోట్లో మందు పట్టడానికి ఇంతకు మించిన సాధనం లేదు. పెద్ద టర్కీ తువ్వాలు నేల మీదో, బల్ల మీదో పరిచి, కుందేలును మధ్యలో, మూతి అంచు వైపు ఉండేలా కూర్చోబెట్టండి. ఒక పక్క కొంగు తెచ్చి వీపు మీదుగా కప్పి ఒంటి కింద దోపండి, తర్వాత రెండో పక్కది. వెనక మిగిలిన భాగం పైకి మడవండి. మెడ దగ్గర ఒక వేలు దూరేంత వదులు ఉండాలి. తల మాత్రమే బయటికి ఉంటుంది. గోళ్లు తీయాలంటే ఏ కాలు కావాలో ఆ కాలు ఒక్కటే బయటికి తీసుకుంటే సరి. ఇద్దరుంటే మంచిది, ఒకరు పట్టుకోవడానికి, ఒకరు కత్తిరించడానికి. తెల్ల గోరులో ఎర్రటి రక్తనాళం కనిపిస్తుంది, దానికి ఇవతలే ఆగాలి. నల్ల గోరైతే వెనకనుంచి ఫోన్ టార్చి వేసి చూడండి. పొరపాటున నెత్తురు వస్తే మొక్కజొన్న పిండి అద్ది కాసేపు నొక్కి పట్టుకోవచ్చు.

వేసవిలో ఈ చుట్టడం రెండు నిమిషాలు దాటనివ్వకండి. 30 డిగ్రీలు దాటితేనే కుందేలుకు ఇబ్బంది మొదలవుతుంది. మన దగ్గర ఏప్రిల్, మే నెలల్లో 40 దాటుతుంది. ఒంటికి హత్తుకుని ఎక్కువసేపు మోయడం కూడా అప్పుడు మంచిది కాదు, మన ఒంటి వేడి దానికి తోడవుతుంది. ఎత్తే పనులన్నీ తెల్లవారుజామున పెట్టుకోవడం ఉత్తమం.

ఎత్తాల్సింది ఎందుకు?

ఇంత కష్టమైతే ఎత్తడమే మానేస్తే పోలేదా అంటారా? మానేయకూడదు. దాని మేలు కోరి ఎత్తాల్సిన సందర్భాలు ఉన్నాయి, మన ముచ్చట కోసం ఎత్తాల్సినవి దాదాపు లేవు. ఈ తేడా మనసులో పెట్టుకుంటే ఎప్పుడు చేయి వేయాలో, ఎప్పుడు ఆగాలో దానంతటదే తెలుస్తుంది.

వానాకాలం అన్నిటికంటే ముఖ్యమైన సందర్భం. కుందేలు రెండు రకాల పెంటికలు వేస్తుంది. మెత్తటివాటిని తిరిగి తానే తినేస్తుంది, వాటిలోని పోషకాలు దానికి అవసరం. లావెక్కిన కుందేలుకు, నడుం నొప్పి ఉన్న ముసలిదానికి మూతి అక్కడిదాకా అందదు. అవి వెంట్రుకలకు అంటుకుని, తడికి ఈగలు ముసిరి గుడ్లు పెడతాయి. ఒక్క రోజులోపే పురుగులు పట్టి చర్మాన్ని తొలిచేయగలవు. వానలు పడే నెలల్లో రోజూ ఒకసారైనా తోక కింద చూడాలి. ముందు పళ్లు కూడా జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి, ఏడాదికి పది సెంటీమీటర్ల పైనే. ఎండుగడ్డి, గరిక నమిలితే అరుగుతాయి. పైపళ్లు, కిందిపళ్లు కలవకపోతే అడ్డదిడ్డంగా పెరిగి నోరు మూతపడదు. ఇవన్నీ పట్టుకుని చూస్తేనే తెలిసేవి.

మిగతా చాలా పనులకు ఎత్తకుండానే దారి ఉంది. బోను నుంచి బయటికి రావడానికి ఒక వాలు చెక్క పెడితే అదే దిగి వస్తుంది. ఆసుపత్రికి తీసుకెళ్లే బుట్టను ఆ రోజే అటక మీంచి దించకుండా, ముందు నుంచే గదిలో ఓ మూల తెరిచి పెట్టి, లోపల గడ్డి, రెండు కొత్తిమీర రెమ్మలు వేస్తూ ఉండండి. బుట్ట దానికి ఇంకో బొరియ అయిపోతుంది. పైనుంచి తెరుచుకునే బుట్ట అయితే లోపలి నుంచి తీయడమూ సులువు. బైకు మీద చేతుల్లో పట్టుకుని, సంచిలో వేసుకుని తీసుకెళ్లడం మాత్రం ఎవరూ చేయకూడని పని.

పిల్లలకు ఒక నియమం

‘అమ్మా, నేనెత్తుకుంటా’ అని చేతులు చాచే పిల్లలకు కాదనడం కష్టం. అయినా చిన్నపిల్లలు కుందేలును ఎత్తకూడదనే నియమం ఇంట్లో ఉండి తీరాలి. పిల్లల చేతులు రెండు వైపులా ఒకేసారి ఆసరా ఇచ్చేంత పెద్దవి కావు. అది గింజుకోగానే గోరు గీరుకుంటుంది, బిడ్డ భయపడి వదిలేస్తుంది. ఇద్దరికీ దెబ్బే. అందులో బిడ్డ తప్పూ లేదు, కుందేలు తప్పూ లేదు.

దానికి బదులు పిల్లల్ని నేల మీద కాళ్లు చాపి కూర్చోబెట్టండి. చేతిలో ఓ కొత్తిమీర రెమ్మ ఇవ్వండి. కదలకుండా ఉండమనండి. మొదటిరోజు అది దగ్గరికి రాకపోవచ్చు. రెండో రోజు పాదం వాసన చూసి పోవచ్చు. తర్వాతెప్పుడో గడ్డం మోకాలికి రుద్దుతుంది. గడ్డం కింది గ్రంథితో తన వాసన అద్ది, ఇది నాది అని గుర్తు పెట్టుకోవడం అది. ఒళ్లోకి ఎక్కి కూర్చుంటే, నుదురు నిమురుతుంటే, పళ్లు మెల్లగా టకటకలాడించడం వినిపిస్తుంది. సంతోషంగా ఉందన్నమాట. అవే పళ్లు గట్టిగా, కరకరమని కొరుకుతుంటే, ఒళ్లు ముడుచుకుని ఉంటే అది నొప్పి. ఈ రెండు చప్పుళ్ల తేడా పట్టుకోగలిగిన పిల్లలకు జంతువుతో బతకడం వచ్చేసినట్టే. పుట్టినరోజు కానుకగా కుందేలును తెచ్చే ముందు పెద్దలూ ఒక మాట ఆలోచించాలి: బాగా చూసుకుంటే అది ఎనిమిది నుంచి పన్నెండేళ్లు బతుకుతుంది. మూడో తరగతిలో తెచ్చిన కుందేలును ఇంటర్ చదువుతూ కూడా ఎవరో ఒకరు చూసుకోవాలి.

జారి పడితే

ఎంత జాగ్రత్తగా ఉన్నా ప్రమాదం జరగొచ్చు. పడ్డ కుందేలు కాళ్లు ఈడుస్తున్నా, వెనక భాగం ఒరిగిపోతున్నా, కదలకుండా ఉన్నా మళ్లీ మళ్లీ నిలబెట్టి చూడకండి. గట్టి అట్ట గానీ, పీట గానీ పక్కనే పెట్టి, ఒళ్లు వంగకుండా దాని మీదికి జరిపి, అటూ ఇటూ కదలకుండా చుట్టిన తువ్వాళ్లు ఆనించి, బుట్టలో పెట్టి తీసుకెళ్లండి. వేసవైతే చల్లటి నీళ్ల సీసాకు గుడ్డ చుట్టి పక్కన పెట్టండి.

ఇంట్లో ఉన్న నొప్పి మాత్ర అరముక్క వేద్దామన్న ఆలోచన వద్దు. మనకు రాసిచ్చిన యాంటీబయాటిక్ అసలే వద్దు. అమాక్సిసిలిన్ లాంటి పెన్సిలిన్ జాతి మందులు నోటి ద్వారా పడితే కుందేలు పేగుల్లోని మేలు చేసే సూక్ష్మజీవులు చచ్చి, విషం పుట్టించేవి పెరిగి ప్రాణం తీస్తాయి. కుందేలుకు వాంతి చేసుకోవడం కూడా చేతకాదు, మింగినది మింగినట్టే. కుక్కలను, పశువులను చూసే వైద్యులందరికీ కుందేళ్ల అనుభవం ఉండదు. అది తప్పు కాదు, ముందే అడిగి తెలుసుకోవడం మన పని. రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరంలలో పశువైద్య కళాశాలలున్నాయి. దగ్గర్లో కుందేళ్లను చూసేది ఎవరో కుందేలు ఆరోగ్యంగా ఉన్నప్పుడే కనుక్కుని, నంబరు రాసి పెట్టుకోండి.

కూనలు, చెవులపిల్లులు

కుందేలు చూలు 31 రోజులు. ఆ రోజుల్లో, ముఖ్యంగా ఆఖరి వారాల్లో, తల్లిని ఎత్తాల్సిన పని పెట్టుకోవద్దు. పొట్ట మీద చేయి నొక్కుకోవడం తల్లికీ, కడుపులోని కూనలకూ చేటు. కూనలు వెంట్రుకలు లేకుండా, కళ్లు మూసుకుని పుడతాయి. తల్లి సాధారణంగా రోజుకు ఒకసారి, కొద్ది నిమిషాలు మాత్రమే గూట్లోకి వచ్చి పాలిచ్చి వెళ్లిపోతుంది. పిల్లల్ని పట్టించుకోవడం లేదని కంగారుపడాల్సిన పనిలేదు. హంగరీ పరిశోధకులు పీటర్ పొంగ్రాట్స్, విల్మోస్ ఆల్ట్‌బ్యాకర్ ఇక్కడ ఒక మంచి విషయం పట్టుకున్నారు. పుట్టిన మొదటి వారంలో, పాలు తాగే వేళకు అటూ ఇటూగా మనిషి చేయి తగిలిన కూనలు పెద్దయ్యాక మనుషులంటే తక్కువ భయపడతాయి. అదే చేయి వేరే సమయంలో తగిలితే ఆ ఫలితం అంతగా లేదు. కుందేళ్లను పెంచి అమ్మేవాళ్లు ఆ వారంలో రోజూ కొద్ది నిమిషాలు శుభ్రమైన చేయి కూనలకు తగలనిస్తే, వాటిని కొన్న ఇంట్లో ఎత్తేటప్పుడు పడే బాధ సగం తగ్గుతుంది. బోను మీద ధర రాసే చోట ఆ ఒక్క మాటా రాయగలిగే రోజు రావాలని నా కోరిక.

చేలల్లో, తోటల్లో కనిపించే చెవులపిల్లి దారి వేరు. అది బొరియలో ఉండదు. దాని పిల్లలు వెంట్రుకలతో, తెరిచిన కళ్లతో పుట్టి, గడ్డి దుబ్బుల్లో కదలకుండా కూర్చుంటాయి. వేటాడే జంతువు ముక్కు పిల్లల దాకా రాకుండా తల్లి దూరంగా ఉండి, ఎక్కువగా పొద్దుగూకాకే పాలివ్వడానికి వస్తుంది. కోతలప్పుడు, కలుపు తీసేటప్పుడు ఒంటరి పిల్ల కనబడితే తల్లి లేదనుకుని ఇంటికి తెచ్చేవాళ్లు ఉన్నారు. మనసు మంచిదే, కానీ ఆ పని పిల్లను తల్లికి దూరం చేస్తుంది. పట్టి పెంచడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం కూడా. ఆవుపాలు పట్టకండి, చేత్తో ఎత్తకండి, ఆ చోటికి గుర్తుగా ఓ కట్టె పాతి కోత యంత్రాన్ని పక్కనుంచి పోనివ్వండి. కాలు విరిగిందనో, కుక్క కరిచిందనో కంటికి కనిపిస్తే మాత్రం గడ్డి పరిచిన అట్టపెట్టెలో ఉంచి, మూత వేసి, చప్పుడు లేని చోట పెట్టి అటవీ శాఖ సిబ్బందికి కబురు చేయండి.